పైసలు పిల్లవాడి వెంట పోతాయి, బడి ఖర్చు పోదు

సర్కారు బడుల మీద ఈమధ్య ఒక వాదన తరచూ వినిపిస్తోంది. పత్రికల్లో, టీవీ చర్చల్లో, టీచర్ల సర్దుబాటు మీద జరిగే సమావేశాల్లో అదే మాట. సర్కారు బడిలో ఒక పిల్లవాడి మీద పెట్టే ఖర్చులో మూడోవంతుకే ప్రైవేటు బడి అదే చదువు చెబుతోందట. కాబట్టి డబ్బు బడికివ్వడం మాని పిల్లవాడి పేరున ఇవ్వాలట. వాడు ఏ బడిలో చేరితే డబ్బు ఆ బడికి పోతుంది. సర్కారు బడిలో పిల్లలు తగ్గితే దాని ఖర్చూ తగ్గుతుంది. ఎవరికీ నష్టం లేదు.

ఈ వాదన చేసేవాళ్లలో పేదపిల్లల మేలు కోరేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. వాళ్ల లెక్క తప్పు. పిల్లలు తగ్గితే ఖర్చు తగ్గుతుందన్నది తప్పు, ఎవరికీ నష్టం లేదన్నది అంతకన్నా పెద్ద తప్పు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని అనంతపురం మెట్టలో ఈ తప్పుకు మూల్యం కట్టేది వేరే బడికి పోలేని పిల్లలే.

ముందు బడి లెక్క చూద్దాం. కళ్యాణదుర్గం, కంబదూరు, కుందుర్పి వైపు పల్లెలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉందనుకోండి. ఐదు తరగతులు, 62 మంది పిల్లలు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. అంటే ఈ బడికి ముగ్గురుండాలి. ఊరి రోడ్డు మీదికి పొద్దున్నే పసుపు రంగు వ్యాను రావడం మొదలైంది. తరగతికి ఇద్దరు చొప్పున పదిమంది పిల్లలు అందులో ఎక్కి టౌను బడికి పోయారు. బడికి ఏం తగ్గింది? ఒక్క తరగతీ మూతపడలేదు. ఒక్క గదికీ తాళం పడలేదు. కరెంటు బిల్లు, నీళ్ల మోటారు, మరుగుదొడ్లు కడిగే ఆయమ్మ, రిజిస్టర్లు, ఆన్‌లైన్ నమోదులు అన్నీ అలాగే ఉన్నాయి. మూడో తరగతిలో పన్నెండు మంది ఉన్నా పదిమంది ఉన్నా చెప్పాల్సిన పాఠం అదే. పల్లెవెలుగు బస్సులో పదిమంది దిగిపోయినంత మాత్రాన ఆ ట్రిప్పుకు డీజిలు తగ్గదు, డ్రైవరు జీతం తగ్గదు.

కానీ కాగితం మీద ఈ బడి 52 మంది బడి అయిపోయింది, 60 గీత కిందికి వచ్చేసింది. సర్దుబాటులో మూడో టీచరు వేరే మండలానికి పోతారు. ఆయన జీతం మాత్రం ఖజానాలో మిగలదు. ఆయన ప్రభుత్వోద్యోగి, కొత్త బడిలో అదే జీతం తీసుకుంటారు. ప్రభుత్వానికి పైసా ఆదా కాలేదు, ఊరికి టీచరు పోయారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు శిక్షణకో ఎంఈఓ ఆఫీసుకో పోయిన రోజు ఐదు తరగతులకూ ఒక్కరే దిక్కు. అది చూసిన తల్లిదండ్రులు వచ్చే జూన్‌లో ఏం చేస్తారో చెప్పక్కర్లేదు. వ్యాను రెండు ట్రిప్పులు తిరుగుతుంది.

ఇంకా కిందికి దిగితే మరో రెండు గీతలున్నాయి. సమగ్ర శిక్ష నుంచి బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి 25,000 రూపాయలు, 30 మంది దాకా ఉన్న బడికి 10,000. సుద్దముక్కలు, మోటారు రిపేరు, రిజిస్టర్లు, సున్నం, కరెంటు బిల్లు అన్నీ అందులోంచే. కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి పెట్టాలన్న నిబంధన కూడా ఉంది. 31 మందిలో ఒక్క పిల్ల టీసీ తీసుకుపోతే ఆ బడికి 15,000 రూపాయలు పోతాయి. ఆ పిల్ల కోసం బడి ఏడాదిలో 15,000 రూపాయల సుద్దముక్కలేమీ వాడలేదు.

రెండో గీత వంటపొయ్యి దగ్గర ఉంది. మధ్యాహ్న భోజనానికి 25 మంది పిల్లల దాకా ఒక వంటమనిషి, 26 నుంచి 100 దాకా ఇద్దరు. మన రాష్ట్రంలో ఒక్కొక్కరికి నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. 26వ పిల్లవాడు వెళ్లిపోతే ఇద్దరు వంట అక్కల్లో ఒకరి పని పోతుంది. మిగిలినామె ఒక్కతే నీళ్లు మోసి, బియ్యం కడిగి, గుడ్లు ఉడికించి, గిన్నెలు తోమాలి. కూరగాయలకు, పప్పుకు, నూనెకు ఇచ్చే డబ్బు పిల్లకింత అని లెక్కగట్టి ఇస్తారు. 25 మందికి పొయ్యి ముట్టించినా 40 మందికి ముట్టించినా కట్టెల ఖర్చులో తేడా కొంచెమే. పిల్లలు తగ్గేకొద్దీ ఒక్కో భోజనం మీద ఆమె సొంతంగా భరించేది పెరుగుతుంది. ఆమె కూడా అదే ఊరి పేద తల్లి, ఆమె పిల్లలు కూడా ఆ బడిలోనే తింటూ ఉంటారు.

సర్కారు బడికి నష్టం లేదనేవాళ్ల లెక్కలో ఈ గీతలు లేవు. వాళ్లు మొత్తం ఖర్చును మొత్తం పిల్లలతో భాగించి వచ్చిన సగటును పట్టుకుంటారు. ఆ సగటు ఏ బడిలోనూ కనిపించదు. బడిలో ఖర్చు కొంత అసలు కదలదు, కదిలినచోట ఒక పోస్టో, ఒక వంటమనిషో, ఒక గ్రాంటో మొత్తంగా ఊడిపోతుంది. కదలనిచోట ప్రభుత్వానికి ఆదా లేదు. కదిలినచోట మిగిలిన పిల్లలకు నష్టం.

ఈ మూడోవంతు మాట ఎక్కడిది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగిన ఒక పెద్ద పరిశోధన నుంచి వచ్చింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఐదు జిల్లాల్లో 180 పల్లెల్లో లాటరీ తీసి, కొందరు సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి వోచర్లు ఇచ్చి, నాలుగేళ్లు గమనించారు. ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. తెలుగులోను, లెక్కల్లోను వోచరు పిల్లలకూ మిగతావాళ్లకూ తేడా కనపడలేదు. హిందీలో వోచరు పిల్లలు బాగా ముందున్నారు. ప్రైవేటు బడిలో పిల్లవాడి మీద అయిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడోవంతు కన్నా తక్కువ. ఊరి బడిలో మిగిలిపోయిన పిల్లల చదువు దెబ్బతిన్న దాఖలా కూడా లేదు.

నిజాయితీగా చేసిన పరిశోధన అది. దాన్ని చదివినవాళ్లు చెప్పకుండా దాటేస్తున్న సంగతులు రెండున్నాయి. ఆ వోచర్ల డబ్బు సర్కారు బడి బడ్జెట్టులోంచి తీసింది కాదు. పిల్లలు వెళ్లినందుకు గ్రాంటు కోయడమో, డబ్బును పిల్లవాడి వెంట పంపడమో ఆ ప్రయోగంలో లేవు. బడిని ముట్టుకోకుండా పిల్లలను మాత్రం తీసుకుపోతే మిగిలినవాళ్లకు నష్టం కాలేదని తేలింది, అంతే. బడి డబ్బు కూడా తీసుకుపోతే ఏమవుతుందో ఆ పరిశోధన పరీక్షించలేదు. పరీక్షించని దానికి దాన్ని సాక్ష్యంగా నిలబెట్టకూడదు.

రెండో సంగతి, ప్రైవేటు బడి చదువు చౌక ఎందుకైంది? అక్కడి టీచరు జీతం సర్కారు టీచరు జీతంలో ఆరోవంతు కూడా లేదని అదే పరిశోధన చెబుతుంది. మరో ఉద్యోగం దొరకని ఆడపిల్లలు చాలీచాలని జీతానికి, చాలాచోట్ల వేసవి సెలవుల్లో అది కూడా లేకుండా పనిచేయడం వల్లే ఆ చదువు చౌక. సర్కారు టీచరు జీతం మీద, పనితీరు మీద ఎంత చర్చయినా చేద్దాం. మనిషిని చౌకగా వాడుకోవడాన్ని సామర్థ్యం అని పిలిచి, దాని చుట్టూ ప్రభుత్వ విధానం అల్లడాన్ని మాత్రం ఒప్పుకోలేం.

డబ్బు పిల్లవాడి వెంట పోవడమన్నది అమెరికాలో చార్టర్ స్కూళ్ల పేరుతో మూడు దశాబ్దాలకు పైగా సాగుతోంది. ప్రభుత్వ సొమ్ముతో, సొంత యాజమాన్యం కింద నడిచే ఈ బడులకు మొదట చట్టం చేసింది 1991లో మిన్నెసోటా. అక్కడా మొదట చెప్పింది ఇదే: స్థానిక స్కూల్ డిస్ట్రిక్టుకు పిల్లలు తగ్గుతారు, ఖర్చూ తగ్గుతుంది. కాలిఫోర్నియాలోని ఓక్లండ్ స్కూల్ డిస్ట్రిక్టు మీద చార్టర్ల వల్ల పడుతున్న నికర భారం ఏటా 5.73 కోట్ల డాలర్లని 2018లో గోర్డన్ లాఫర్ అనే ఆచార్యుడు లెక్కగట్టాడు. కారణం మన పల్లె బడి కారణమే. పిల్లలు ఒక్కో తరగతి నుంచి ఒకరూ ఇద్దరూ చొప్పున పోతారు, గదులూ టీచర్లూ బస్సులూ అలాగే ఉంటాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఎక్కువగా డిస్ట్రిక్టు బడుల్లోనే మిగులుతారు. చార్టర్ల సమర్థకులు ఈ అంకెతో విభేదించారు. కానీ మసాచుసెట్స్ రాష్ట్రం ఈ భారం ఉందని చట్టంలోనే ఒప్పుకుంది. చార్టర్లకు పోయే సొమ్ము పెరిగినప్పుడు ఆ పెరుగుదలలో మొదటి ఏడాది 100 శాతం, రెండో ఏడాది 60, మూడో ఏడాది 40 శాతం డిస్ట్రిక్టుకు తిరిగి ఇవ్వాలని అక్కడి 2019 చట్టం చెబుతోంది. పిల్లల వెంట ఖర్చు పోయేదే అయితే ఆ చట్టం అవసరమే ఉండేది కాదు. అలాంటి తిరుగు చెల్లింపునే పెన్సిల్వేనియా 2011లో ఎత్తేసింది.

మన పద్ధతికీ వాళ్ల పద్ధతికీ ఒక తేడా ఉంది. అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్టుకు సొంత పన్ను, సొంత బడ్జెట్టు ఉంటాయి. డబ్బు పోతే లోటు అందరికీ కనపడుతుంది, దాని మీద జనం ఓటేస్తారు. మన బడి బోర్డు మీద మండల పరిషత్ అని, జిల్లా పరిషత్ అని రాసి ఉన్నా జీతాలొచ్చేది రాష్ట్ర ఖజానా నుంచి. పిల్లలు పోయినంత మాత్రాన మండల పరిషత్ ఖాతాలో లోటేమీ కనపడదు. ఆ లోటు ఒక పోస్టు ఎగిరిపోవడంగా, ఒక బడి మూతపడటంగా, ఒక తండా పిల్లలు మూడు కిలోమీటర్లు నడవాల్సి రావడంగా బయటికొస్తుంది. అంకెల్లో కనపడదు కనుకే నష్టం లేదనే మాట మన దగ్గర ఇంత సులువుగా చెల్లుబాటవుతోంది.

మన దగ్గర పిల్లవాడి వెంట డబ్బు ఇప్పటికే పోతోంది, ఆ పేరుతో పిలవడం లేదు అంతే. విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదపిల్లలకివ్వాలి. దానికి మన రాష్ట్రం మొదట నిర్ణయించిన ఫీజు పట్టణాల్లో 8,000 రూపాయలు, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100. తల్లుల ఖాతాలో వేసే అమ్మ ఒడి పథకం సొమ్ములోంచి తల్లిదండ్రులు ఆ ఫీజు కట్టాలన్నారు. తర్వాత దాని స్థానంలో తల్లికి వందనం పథకం వచ్చింది. 2025 జూన్‌లో 67 లక్షల మందికి పైగా పిల్లల పేరున 8,745 కోట్ల రూపాయలు కేటాయించారు. ఒక్కొక్కరికి 15,000లో 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాకు. తల్లి చేతికి డబ్బు అందడం మంచిదే. కరవు సీమలో ఆ డబ్బుతో పొయ్యి వెలిగే ఇళ్లెన్నో ఉన్నాయి. కానీ సర్కారు బడి తల్లి ఆ డబ్బు ఇంట్లో వాడుకుంటే, ప్రైవేటు బడి తల్లి ఫీజు కడుతుంది. ఆ రెండో భాగం ప్రైవేటు బడికి అందుతున్న ప్రభుత్వ సాయమే. రాష్ట్రం విద్యకు ఎంత ఖర్చు పెట్టిందో చెప్పేటప్పుడు అందులో ఎంత ఏ మండలంలో ప్రైవేటు ఫీజుగా మారిందో కూడా చెప్పాలి. ఆ వివరం లేకుండా విద్యకు వేల కోట్లు పెట్టినా సర్కారు బడి బాగుపడలేదంటే, సర్కారు బడికి చేరని డబ్బుకు దాన్ని జవాబుదారీ చేసినట్టవుతుంది.

బడిని చిన్నది చేస్తే అది ఇంకా చిన్నదవుతుందని మన అనుభవమే చెప్పింది. 2022 జూన్‌లో వచ్చిన జీఓ 117తో చాలా ఊళ్లలో 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూలుకు మార్చారు. ఊరి బడిలో ఒకటీ రెండూ తరగతులే మిగిలాయి. తొమ్మిదేళ్ల పిల్లను రోడ్డు దాటించి పక్క ఊరికి పంపడం కన్నా ఇంటి ముందుకొచ్చే వ్యాను నయమనుకున్న తల్లి, పెద్దపిల్లతో పాటు చిన్నపిల్లను కూడా ఎక్కించింది. ఉపాధ్యాయ సంఘాలు మొదటి నుంచీ హెచ్చరించింది దీన్నే. 2025 మేలో ఆ జీఓ రద్దయి కొత్త వర్గీకరణ వచ్చింది. ఈలోపు పోయిన పిల్లలు జీఓ రద్దయిందని తిరిగి రారు.

ప్రభుత్వ సొమ్ము, ప్రైవేటు యాజమాన్యం అన్న ఏర్పాటుకు మన దగ్గర పాత రూపం ఎయిడెడ్ విద్యాసంస్థలు. గ్రాంట్-ఇన్-ఎయిడ్ పద్ధతికి 1854 నాటి వుడ్ నివేదిక దాకా చరిత్ర ఉంది. మిషనరీలు, దాతలు, విద్యా సంఘాలు పెట్టిన ఆ బడులూ కళాశాలలూ ఎందరో పేదలకు చదువిచ్చాయి, దాన్ని కాదనలేం. కానీ ఏర్పాటు చెదిరినప్పుడు భారం ఎవరి మీద పడిందో 2021లో చూశాం. ఆ ఆగస్టులో ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను తనకు అప్పగించమని, లేదంటే ఎయిడెడ్ సిబ్బందిని వదులుకుని ప్రైవేటుగా నడుపుకోమని చెప్పింది. యాజమాన్యాలు చాలావరకు రెండో దారికే మొగ్గాయి. దశాబ్దాల పాటు ప్రభుత్వ జీతాలతో నడిచిన సంస్థల స్థలాలూ భవనాలూ యాజమాన్యాల చేతిలోనే ఉన్నాయి, ఫీజు భయం విద్యార్థులకు మిగిలింది. అనంతపురంలో ఎస్‌ఎస్‌బీఎన్ కళాశాల దగ్గర 2021 నవంబర్ 8న ఆందోళన చేసిన విద్యార్థుల మీద లాఠీలు లేచాయి, గాయాలయ్యాయి. రాష్ట్రమంతా నిరసన వచ్చాక ఆ నెలలోనే ప్రభుత్వం యాజమాన్యాలకు వెనక్కి తగ్గే వీలు కల్పించింది.

దీన్ని సర్కారు బడులను బాగుచేసే నాడు-నేడు పథకంతో పోల్చి చూడండి. 2019 నవంబర్‌లో మొదలైన ఆ పథకం తొలి విడతలో 15,715 బడుల మీద 3,600 కోట్లకు పైగా ఖర్చయింది. పనుల నాణ్యత మీద ఎన్ని ఫిర్యాదులున్నా ఆ గదులు ఊరివి. ప్రభుత్వం మారినా ఊరివే. ఫీజుగా కట్టిన డబ్బుకు ఊరికి ఒక గోడ కూడా మిగలదు.

తలకింత లెక్కలో అసలే పట్టని ఖర్చు ఒకటుంది, కష్టకాలానికి సిద్ధంగా ఉండటం. వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఈ మెట్టలో ఫీజు వాయిదా కట్టలేని తండ్రి పిల్లవాణ్ని ప్రైవేటు బడి మాన్పించి ఊరి బడికి తెస్తాడు. తల్లీ తండ్రీ బెంగళూరుకు కూలికి పోతే పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగులుతారు, లేదా వాళ్ల వెంట పోయి నడి సంవత్సరంలో తిరిగొస్తారు. ఎప్పుడొచ్చినా, ఏ కాగితం లేకపోయినా చేర్చుకోవాల్సింది సర్కారు బడే, చట్టం అలాగే చెబుతోంది. కోవిడ్ కాలంలో ప్రైవేటు బడులు మూతపడి, ఆదాయాలు పడిపోయి, రాష్ట్రంలో లక్షల మంది పిల్లలు సర్కారు బడికి తిరిగొచ్చారు. వాళ్లు వచ్చేనాటికి గది, టీచరు, వంటపొయ్యి ఉన్నాయి కనుక చదువు నిలబడింది. రాని ఏడాది వాటిని వృథా ఖర్చని కోసేస్తే, వచ్చే ఏడాది వాళ్లను కూర్చోబెట్టేది ఎక్కడ?

ఇక ఎదురు ప్రశ్న. సర్కారు బడిలో చదువు సరిగా లేకపోతే తల్లిదండ్రులను అక్కడే కట్టేస్తారా అని అడుగుతారు. కట్టెయ్యకూడదు. కూలికి పోయే తల్లి తన పిల్లకు ఇంగ్లీషు రావాలని వ్యాను ఎక్కిస్తే ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. 25 శాతం సీట్లు పేదపిల్లల హక్కు, 2012లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మన రాయదుర్గం పొలిమేర దాటితే కర్ణాటక. అక్కడ సర్కారు బడో, ఎయిడెడ్ బడో దగ్గర్లో ఉన్నచోట ప్రైవేటు సీటుకు డబ్బు కట్టబోమని నిబంధన మార్చారు, 2019లో అక్కడి హైకోర్టు ఒప్పుకుంది. అదే పని మహారాష్ట్ర చేయబోతే 2024లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. నేను కర్ణాటక దారి పట్టమనడం లేదు. టీచరు రాని బడిని కాపాడమనీ అనడం లేదు. రాని టీచరు మీద చర్య తీసుకోవాలి, తనిఖీ జరగాలి, పాఠం నేర్పారా లేదా అని అడగాలి. కానీ ఊరి బడి చదువు బాగా లేదన్న ఫిర్యాదుకు అక్కడి టీచరును తీసేయడం జవాబు కాదు. వెళ్లే పిల్లకు దారి చూపిస్తూ, ఉండిపోయే పిల్ల బడిని కోయకూడదు. ఉండిపోయేది ఎవరు? తండా పిల్లలు, వైకల్యమున్న పిల్లలు, వలస ఇళ్ల పిల్లలు, అన్నను కాన్వెంటుకు పంపి ఊరి బడిలోనే ఉంచిన చెల్లెళ్లు, రాయదుర్గం, డి.హీరేహాళ్ వైపు కన్నడ మాధ్యమంలో చదివే పిల్లలు. మార్కెట్టు వీళ్లకోసం వ్యాను పంపదు.

కాబట్టి ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడున్నాయి. ప్రైవేటు బడికి ఏ రూపంలో చేరినా సరే, ప్రభుత్వ సొమ్ము లెక్కను మండలాల వారీగా ఏటా ప్రకటించాలి. రెండోది, పిల్లల సంఖ్య ఎంతకు తగ్గినా ప్రతి ప్రాథమిక బడికీ ఇద్దరు టీచర్లు, 25,000 రూపాయల గ్రాంటు, ఇద్దరు వంటమనుషులు అన్నది దిగకూడని మెట్టుగా పెట్టాలి. మూడోది, పిల్లలు తగ్గిన బడి నుంచి మూడేళ్ల దాకా పోస్టు కదిలించకూడదు. ఆ మూడేళ్లలో కరవు మండలంగా ప్రకటించిన ఏడాదిని లెక్కలోకే తీసుకోకూడదు. రైతు పంట పోయిందని రెవెన్యూ శాఖ ఒప్పుకున్న ఏడాదే, పిల్లలు తగ్గారని విద్యాశాఖ అదే ఊరి టీచరును లాక్కుపోవడం అన్యాయం.

వీటికి డబ్బవుతుంది. అవుతుందని ముందే ఒప్పుకోవాలి. ఎందుకంటే పిల్లవాడి వెంట డబ్బు పంపే విధానానికి అసలు ధర ఫీజు ఒక్కటే కాదు, ఫీజుతో పాటు ఊరి బడిని నిలబెట్టే ఖర్చు కూడా. రెండూ కట్టగలిగిన ప్రభుత్వం ఆ విధానం నడపవచ్చు. ఫీజు మాత్రం కట్టి రెండోదాన్ని ఉండిపోయిన పిల్లల మీద వేసే ప్రభుత్వం దాన్ని ఆదా అని చెప్పుకుంటే, అనంతపురం జిల్లా తల్లిదండ్రులు ఆ మాటను ఊరూరా కాదనాలి.